జ్వరం లేదు, చీము లేదు... అయినా ఇన్ఫెక్షన్ ఉండొచ్చా?

పోయిన సంచికలో భుజం జారడం గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒక్కటే, ఆపరేషన్ చేయించుకుంటే ఇన్ఫెక్షన్ వస్తుందా అని. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఊళ్ళ పేర్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా ఆయనకి 52 ఏళ్ళు, జూట్ మిల్లులో పని. కుడి భుజంలో కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువు తెగిందంటే విశాఖపట్నం తీసుకెళ్ళి, చిన్న రంధ్రాల్లోంచి చేసే కీహోల్ ఆపరేషన్ చేయించాం. కుట్లు చక్కగా మానిపోయాయి, ఒక్కరోజు కూడా జ్వరం రాలేదు. మొదటి నెల నొప్పి తగ్గుతూ వచ్చింది, తర్వాత మళ్ళీ మొదలైంది, ఇప్పుడు మూడు నెలలు దాటాక రాత్రిళ్ళు నిద్ర కూడా పట్టట్లేదు. చెయ్యి పైకి ఎత్తలేకపోతున్నారు. రక్త పరీక్షలు చేయిస్తే అన్నీ నార్మల్ అన్నారు. వ్యాయామం సరిగ్గా చేయకే అంటారు కొందరు. మా ఊళ్ళో తెలిసినాయన మాత్రం లోపల ఇన్ఫెక్షన్ ఉందేమో, పదిరోజులు యాంటీబయోటిక్ వేసి చూద్దాం అంటున్నారు. వేసుకోవచ్చా? – ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: వద్దమ్మా, ఆ యాంటీబయోటిక్ ఇప్పుడే మొదలుపెట్టకండి. ఆయనకి ఇన్ఫెక్షన్ లేదని తేల్చేసి ఈ మాట చెప్పట్లేదు. ఒకవేళ ఉంటే అది దొరకాలంటే ఇప్పుడు మాత్ర పడకూడదు.

ముందు కాస్త ధైర్యం చెప్పనివ్వండి. ఈ ఆపరేషన్ తర్వాత మూడు నెలలకి నొప్పి ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి కారణం ఇన్ఫెక్షన్ కాదు. కీలు బిగుసుకుపోయి ఉంటుంది, లేదా కుట్టిన స్నాయువు మళ్ళీ తెగి ఉంటుంది, కొందరికైతే అసలు నొప్పి మెడ నుంచే వస్తుంటుంది. భుజానికి చేసే కీహోల్ ఆపరేషన్లలో ఇన్ఫెక్షన్ నూటికి ఒకరికి కూడా రాదు. కానీ మీరు రాసిన తీరు, అంటే తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరగడం, కదపకుండా పడుకున్నా నొప్పి ఉండడం, వీటిని మాత్రం ఊరికే వదిలేయకూడదు.

ఇన్ఫెక్షన్ అంటే మనందరికీ గుర్తొచ్చేది చలిజ్వరం, వాపు, ఎర్రదనం, కుట్ల దగ్గర చీము. అది స్టెఫిలోకాకస్ ఆరియస్ లాంటి క్రిములు చేసే పని. ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనో, వారాల్లోనో గట్టిగానే బయటపడతాయి. భుజంలో ఇంకొకటి ఉంటుంది, దాని పేరు క్యుటిబాక్టీరియం ఆక్నెస్. 2016లో పేరు మార్చారు గానీ ఇప్పటికీ చాలామంది డాక్టర్లు పాత అలవాటు కొద్దీ పి. ఆక్నెస్ అనే అంటారు. ఇది ఎక్కణ్ణుంచో రాదు, మన చర్మంలోనే ఉంటుంది. వెంట్రుక కుదుళ్ళ దగ్గరుండే నూనె గ్రంథుల్లో, ముఖం మీద, వీపు పైభాగంలో, భుజాల మీద దీని కాపురం. ఆడవాళ్ళ కంటే మగవాళ్ళ భుజం మీద ఎక్కువ. పైన ఎంత స్పిరిట్ రాసినా, క్లోర్‌హెక్సిడిన్ రాసినా గ్రంథి లోపల ఉన్నది పూర్తిగా చావదు, కత్తి పెట్టగానే కొద్దిగా లోపలికి చేరే అవకాశం ఉంటుంది. అందుకే మోకాలి ఆపరేషన్లలో అంతగా వినపడని ఈ క్రిమి భుజం ఆపరేషన్లలో ఇంత పేరు తెచ్చుకుంది.

దీని గుణం ఏమిటంటే చాలా నెమ్మది. ఆక్సిజన్ తక్కువ ఉన్న చోట, మెల్లగా పెరుగుతుంది. స్నాయువుని ఎముకకి బిగించిన యాంకర్ల (చిన్న మేకుల్లాంటివి) మీద, దారాల మీద, కృత్రిమ కీలు పెడితే ఆ లోహం మీద, చెరువు గట్టు రాళ్ళకి పాచి పట్టినట్టు సన్నని జిగట పొరలా అంటుకుని ఉంటుంది. ఆ పొర లోపలున్న క్రిమిని మందు గానీ, మన ఒంట్లోని రక్షణ కణాలు గానీ సులువుగా చేరలేవు. జ్వరం రాదు. ఒంట్లో వాపుని చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షలు నార్మల్‌గా రావచ్చు. కీలులోంచి నీరు తీసి చూస్తే తెల్ల కణాలు కూడా మరీ ఎక్కువ ఉండకపోవచ్చు. కాబట్టి 'రక్త పరీక్ష నార్మల్, ఇన్ఫెక్షన్ లేదు' అన్న మాట భుజం విషయంలో చెల్లదు. రోగికి తెలిసేది రెండే, తగ్గని నొప్పి, పెరిగే బిగువు. అదే చిక్కు, ఆ రెండూ ఇన్ఫెక్షన్ లేకపోయినా ఉంటాయి.

మరెలా తేలుతుంది? కీలు నీరు, ఇంకా మంచిది లోపలి కణజాలం ముక్కలు, తీసి క్రిమిని పెంచి చూసే కల్చర్‌కి పంపాలి. ఒక్క ముక్క చాలదు, వేర్వేరు చోట్ల నుంచి కనీసం ఐదు తీయడం మంచి పద్ధతి. ఎందుకంటే ఈ క్రిమి చర్మం మీదే ఉంటుంది కదా, తీసేటప్పుడు ఒక ముక్కకి అంటుకుని వచ్చిందేమో అన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. ఒక్కదాంట్లో కనిపిస్తే అనుమానం, రెండు మూడింట్లో అదే కనిపిస్తే నమ్మొచ్చు. రెండో సంగతి, దయచేసి ఇది సర్జన్ని మీరే అడగండి: కల్చర్‌ని 14 రోజులు ఉంచమని ల్యాబ్‌కి రాసి ఇచ్చారా? చాలా ల్యాబుల్లో మామూలు కల్చర్ని ఐదు రోజుల్లోపే 'ఏమీ పెరగలేదు' అని రాసి పారేస్తారు. ఈ నత్త అప్పటికి ఇంకా బయలుదేరి ఉండదు. ఫలితం చేతికొచ్చి, అమ్మయ్య ఇన్ఫెక్షన్ లేదట అని ఊపిరి పీల్చుకుని, ఇంకో ఏడాది నొప్పితో ఉండేవాళ్ళు ఉంటారు.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది మీ తెలిసినాయన ఇచ్చే పదిరోజుల మాత్ర ఎందుకు వద్దన్నానో. అది జిగట పొరలోని క్రిమిని చంపదు, కాస్త అణిచిపెడుతుంది. నొప్పి కొంచెం తగ్గినట్టు కూడా ఉండొచ్చు. కానీ ఆ తర్వాత ముక్క తీసి పరీక్షిస్తే క్రిమి పెరగదు, ఫలితం నెగటివ్ వస్తుంది, మళ్ళీ మొదటికే వస్తాం. ఇప్పటికే ఏదైనా వాడి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి, పరీక్షకి ముందు కనీసం రెండు వారాలు మందు ఆపి ఆగుదాం అంటారు. ఇంకొకటి కూడా చెప్పాలి. 'గాలి లేని చోట పెరిగే క్రిములకి' అని మెట్రోనిడజోల్ రాసేవాళ్ళున్నారు, క్యుటిబాక్టీరియం మీద ఆ మందు అసలు పని చెయ్యదు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులు పనిచేస్తాయి, కానీ అవి కూడా క్రిమి ఏదో తేలాకే.

ముక్కలు తీసేటప్పుడే క్షయ పరీక్షకి కూడా పంపమనండి. మన దగ్గర ఇది మర్చిపోకూడదు. భుజానికి వచ్చే క్షయ కొన్నిసార్లు చీము, వాపు లేకుండా పొడిగా ఉండి, కీలు బిగుసుకుపోవడంతోనే మొదలవుతుంది. క్షయకి దగ్గర బంధువులైన మరికొన్ని క్రిములు నీళ్ళలో ఉంటాయి, పరికరాలు సరిగ్గా శుభ్రం కాకపోతే కీహోల్ ఆపరేషన్ల తర్వాత అవి కూడా వస్తాయి, మామూలు యాంటీబయోటిక్‌కి లొంగవు.

ఒకవేళ ఇన్ఫెక్షన్ అనే తేలితే భయపడిపోకండి. మళ్ళీ కీహోల్‌తోనే లోపల కడిగి, వదులైన దారాలు, యాంకర్లు తీసేసి, ఆ క్రిమికి తగిన మందు కొన్ని వారాలు, చాలాసార్లు ఆరు వారాల వరకు ఇస్తారు. ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే ముందు వెళ్ళండి, కోపంతో ఆసుపత్రి మార్చేస్తే పాత ఆపరేషన్ కాగితాలు, లోపల ఏ యాంకర్లు పెట్టారన్న వివరం దొరక్క కొత్త డాక్టరు చీకట్లో వెతుక్కోవాలి. వెళ్ళి, 'ఇన్ఫెక్షన్ కూడా అయ్యుండొచ్చా, ఎలా తేలుస్తారు' అని సూటిగా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు.

ఈ నిదానం అంతా జ్వరం లేనప్పుడే. గాయం ఎర్రబడినా, వేడిగా ఉన్నా, కుట్ల దగ్గర రసి కారినా, చలిజ్వరం వచ్చినా, రాత్రైనా సరే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. ఆపరేషన్ అయి నెలలు గడిచాక మచ్చ దగ్గర చిన్న రంధ్రం పడి నీరు కారుతుంటే దాన్ని సెగగడ్డ అనుకుని పసుపు అద్దుకోవద్దు, అది లోపలి కీలు దాకా దారి తీసి ఉండొచ్చు.

ప్రశ్న: నాకు 23, వెయిట్‌లిఫ్టింగ్ చేస్తాను. ఎడమ భుజం నాలుగుసార్లు జారింది, వచ్చే నెల ఆపరేషన్. సర్జన్ గారు మొటిమలకి రాసుకునే జెల్ రాసిచ్చి భుజానికి, చంకలో పూసుకోమన్నారు. మెడికల్ షాపులో ఇస్తే అక్కడున్న వాళ్ళు నవ్వారు. నాకు వీపంతా మొటిమలే గానీ ఆపరేషన్‌కి వాటికి ఏటి సంబంధం? పొరపాటున రాశారా? – ఆమదాలవలస

జవాబు: నవ్వినవాళ్ళని నవ్వనీ తమ్ముడూ, మీ సర్జన్‌కి పని తెలుసు. కరణం మల్లీశ్వరి పక్క ఊరివాడివి, నీ భుజం జాగ్రత్తగా చూసుకునే డాక్టరు దొరకడం మంచిదే.

పైన బొబ్బిలి అమ్మకి రాసింది చదువు. ఆ క్రిమికీ మొటిమలకీ సంబంధం ఉంది, దాని పేరులోని ఆక్నెస్ మొటిమల నుంచే వచ్చింది. నీకు ఇచ్చింది బెంజోయిల్ పెరాక్సైడ్ అయి ఉంటుంది, సాధారణంగా 5 శాతం. అది నూనె గ్రంథి లోపలికి దిగి ఆక్సిజన్ని విడుదల చేస్తుంది, ఆక్సిజన్ అంటే ఈ క్రిమికి గిట్టదు. ఆపరేషన్‌కి ముందు రెండు మూడు రోజులు పూస్తే చర్మం మీద క్రిముల సంఖ్య బాగా తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. ఇన్ఫెక్షన్ రాదని దీన్నే హామీగా తీసుకోకు, కానీ ఖర్చు తక్కువ, నష్టం లేదు, వాడడమే తెలివి. పడుకునేటప్పుడు పాత బనియన్ వేసుకో, ఈ జెల్ బట్టల రంగు లాగేస్తుంది, కొత్త దుప్పటి మీద తెల్ల మచ్చలు పడితే మీ అమ్మ చేతిలో తిట్లు తింటావు. మరీ మంట, ఎర్రటి దద్దుర్లు వస్తే ఆపేసి ఫోన్ చెయ్యి.

నీలాంటి కుర్రాళ్ళకి చెప్పాల్సింది ఇంకోటి ఉంది. ఆపరేషన్ ముందురోజు సెలూన్‌కి వెళ్ళి భుజం, చంక బ్లేడుతో నున్నగా గీయించుకుని రాకు. శుభ్రం అనుకుంటారు, కానీ బ్లేడు కంటికి కనపడని గాట్లు పెడుతుంది, క్రిములు చేరేది అక్కడే. ఆసుపత్రిలోనే అవసరమైతే క్లిప్పర్‌తో కత్తిరిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా షేవింగ్ వద్దనే ఉంది. జిమ్‌లో ఎవరైనా కండ పెరగడానికని స్టెరాయిడ్ ఇస్తుంటే, అదీ సర్జన్‌కి చెప్పు. వీపంతా అలా మొటిమలు రావడానికి అదొక కారణం కావచ్చు, మందలించడానికి అడగట్లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 64. కొబ్బరి చెట్టు మీంచి పడి కుడి భుజం ఎముక ముక్కలైంది. బంతి, గిన్నె తిరగేసి పెట్టే కృత్రిమ కీలు వెయ్యాలంటున్నారు. ఆయనకి కిడ్నీ జబ్బు ఉంది, క్రియాటినిన్ 4 దాకా ఉంటుంది, ఇంకా డయాలసిస్ మొదలుపెట్టలేదు. చుట్ట మానరు. ఇన్ఫెక్షన్ వస్తే తట్టుకోలేరని మా బావగారు వద్దంటున్నారు. – సోంపేట

జవాబు: కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చే ప్రతి ఉత్తరంలో కిడ్నీ ఉంటుంది, ఏం చేస్తాం.

వాళ్ళు చెప్పింది రివర్స్ షోల్డర్ రీప్లేస్‌మెంట్. ఫ్రాన్స్‌లో పాల్ గ్రామో అనే సర్జన్ 1985 ప్రాంతంలో తెచ్చిన పద్ధతి. మామూలు కృత్రిమ భుజంలో బంతి చేతి ఎముకకి, గిన్నె రెక్క ఎముకకి ఉంటాయి. ఇందులో అవి తారుమారు, దాంతో తెగిన స్నాయువుల పనిని భుజం పైనున్న డెల్టాయిడ్ కండరం చేసేస్తుంది. పెద్దవాళ్ళకి ఎముక బాగా ముక్కలైనప్పుడు మంచి దారే. కృత్రిమ భుజానికి ఇన్ఫెక్షన్ సుమారుగా నూటికి ఒకరికి వస్తుంది, కిడ్నీ జబ్బు, షుగరు, పొగ ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. మీ బావగారి భయంలో అర్థం ఉంది. ఆపరేషన్ లేకుండా చేతిని మెడకి వేలాడదీసే పట్టీలో (స్లింగ్) ఉంచి మాన్పడం కూడా ఒక దారే, ముఖ్యంగా ఆయన మళ్ళీ చెట్టెక్కే ఉద్దేశం లేకపోతే. ఎక్స్‌రే చూడకుండా నేను తీర్పు చెప్పను గానీ, 'ఆపరేషన్ చేయించకపోతే చెయ్యి ఎంతవరకు లేస్తుంది, అన్నం తినడానికి, పంచె కట్టుకోవడానికి సరిపోతుందా' అని సర్జన్ని అడిగి, ఆ జవాబు మీద ఆలోచించండి.

చేయించాలనుకుంటే కిడ్నీ డాక్టరు, ఎముకల డాక్టరు ముందే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది కదా, అక్కడ చూపిస్తుంటే ఆ కాగితాలన్నీ పట్టుకెళ్ళండి. కోతకి ముందు గంటలోపు ఇచ్చే సెఫజోలిన్ లాంటి ఒక్క డోసు యాంటీబయోటిక్‌కి భయపడక్కర్లేదు, ఇన్ఫెక్షన్ ఆపడంలో అన్నిటికంటే ముఖ్యమైన ఇంజెక్షన్ అదే. భయపడాల్సింది తర్వాత 'ఎందుకైనా మంచిది' అని రోజుల తరబడి ఇచ్చే అమికాసిన్, జెంటమైసిన్ లాంటివాటికి, నొప్పికి ఇచ్చే డైక్లోఫినాక్‌కి. ఇవి ఉన్న కిడ్నీని కూడా దెబ్బతీస్తాయి. ఆపరేషన్ సజావుగా జరిగితే 24 గంటల తర్వాత యాంటీబయోటిక్ కొనసాగించడం వల్ల లాభం లేదన్నది ఇప్పుడు అందరూ ఒప్పుకున్న మాట, అయినా మన దగ్గర పదిరోజుల మాత్రలు చీటీలో ఉండకపోతే రోగులే 'డాక్టరు మందులు రాయలేదు' అంటారు.

రేపు డయాలసిస్ అవసరమైతే ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసే దారి) ఏ చేతికి పెడతారో కూడా ఇప్పుడే మాట్లాడండి. మెడ దగ్గర పెట్టే గొట్టం నుంచి క్రిములు రక్తంలోకి వెళ్ళి లోహపు కీలుని పట్టుకునే ప్రమాదం ఉంది, ఫిస్టులా ముందే సిద్ధంగా ఉంటే ఆ బాధ తప్పుతుంది. చుట్ట సంగతి, మామూలుగా కాల్చినా నిప్పు నోట్లో పెట్టి అడ్డపొగ వేసినా నికోటిన్ రక్తనాళాలని ముడిచేస్తుంది, గాయానికి రక్తం అందదు. తీరిగ్గా చేసే ఆపరేషన్‌కైతే నాలుగు వారాల ముందు నుంచే మానమంటాం, విరిగిన ఎముక అన్నాళ్ళు ఆగదు, ఈ రోజే ఆపించండి. ఆయన వినకపోతే మనవళ్ళ చేత చెప్పించండి.

ప్రశ్న: భుజం నొప్పికి మా ఊరి ఆర్.ఎం.పి. గారు నెలకోసారి కీల్లో ఇంజెక్షన్ ఇస్తున్నారు, బాగానే ఉంటోంది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అన్నారు. ఆ మాట చెప్తే ఆపరేషన్ వాయిదా వేస్తారని మా మావయ్య చెప్పొద్దంటున్నాడు. – నరసన్నపేట

జవాబు: చెప్పాలి, వాయిదా వేస్తే వేయనివ్వండి. అది స్టెరాయిడ్ అయి ఉంటుంది. కృత్రిమ కీలు పెట్టేముందు మూడు నెలల్లోపు భుజంలో స్టెరాయిడ్ పడితే ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది, స్నాయువు కుట్టడానికైనా కనీసం నెల ఆగాలి. పైగా నెలనెలా ఇస్తుంటే స్నాయువే మెత్తబడి కుట్టు నిలవదు. షుగరుంటే ఆ ఇంజెక్షన్ తర్వాత కొన్నిరోజులు షుగరు ఎగబాకుతుంది కూడా. చివరి ఇంజెక్షన్ ఏ తేదీన పడిందో, వీలైతే ఆ సీసా పేరు, కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

ప్రశ్న: ఆపరేషన్ అయినప్పటి నుంచీ మా అత్తగారు నాకు పప్పు, వంకాయ, గుడ్డు పెట్టడం లేదు. చీము పడుతుందంట. బియ్యపు జావ, కారం లేని చారు. నీరసంగా ఉంది. – రాజాం

జవాబు: పప్పుకీ చీముకీ ఏ సంబంధమూ లేదమ్మా. చీము పట్టించేది క్రిమి, కూర కాదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, అవి ఉండేది మీకు మాన్పించిన ఆ పప్పు, గుడ్డులోనే. చేపలు తినేవాళ్ళైతే చేపలూ తినండి, చోడి (రాగి) అంబలి తాగండి. షుగరు ఉంటే మాత్రం పథ్యం దానికి పాటించండి: ఆపరేషన్ నాటికి మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 8 లోపు ఉంటే మేలు, జావ తాగినా షుగరు పెరుగుతుంది. అత్తగారికి ఈ పేజీ చూపించండి, నామీద కోపం తెచ్చుకున్నా పర్లేదు.

ప్రశ్న: రథసప్తమికి అరసవల్లి వెళ్ళి ఇంద్ర పుష్కరిణిలో స్నానం చెయ్యాలని అమ్మ మొక్కు. అప్పటికి ఆమెకి భుజం ఆపరేషన్ అయి మూడు వారాలవుతుంది. స్లింగ్‌లో చంక చెమటకి ఒరిసిపోయి దుర్వాసన కూడా వస్తోంది. – శ్రీకాకుళం

జవాబు: దర్శనానికి తీసుకెళ్ళండి, స్లింగ్ మాత్రం తీయకుండా, తొక్కిసలాట లేని వేళ చూసుకుని. పుష్కరిణిలో మునగడం వద్దు. చెరువైనా, సముద్రమైనా, కుట్లు తీశాక గాయం పూర్తిగా మూసుకుని, పొక్కు రాలిపోయి, ఎక్కడా తడి లేదని డాక్టరు చూసి చెప్పాకే. మూడు వారాలకి కొందరికి మానుతుంది, షుగరున్నవాళ్ళకి మానదు. ఆ నీళ్ళు తలమీద నాలుగు చుక్కలు చల్లుకుంటే దేవుడు కాదనడు.

చంక సంగతి తేలిగ్గా తీసుకోవద్దు, గాయానికి అది జానెడు దూరంలో ఉంది. రోజూ ఒకసారి స్లింగ్ విప్పి, అమ్మని కొద్దిగా ముందుకి వంచి చెయ్యి దానంతట అది వేలాడేలా చేస్తే చంక తెరుచుకుంటుంది. చెయ్యి పైకి లేపి తుడవకూడదు, కుట్టు తెగుతుంది. సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో అద్ది, మెత్తటి నూలు గుడ్డ మడిచి పెట్టండి. పౌడరు చల్లొద్దు, చెమటకి ముద్దై గాయం దాకా పోతుంది. ఎర్రగా అంచు కట్టి దురద పెడుతుంటే అది బూజు లాంటిది, దానికి వేరే క్రీము ఉంది, తర్వాతి డ్రెస్సింగ్‌కి వెళ్ళినప్పుడు చూపించండి. స్లింగులు రెండు కొనుక్కోండి, ఒకటి ఉతికి ఆరేసినప్పుడు ఇంకొకటి వేయొచ్చు.